బాపు టోపీలో పదకొండు చీటీలు

నాకు ముప్పై నాలుగేళ్ళు. రిటైరయ్యాను.

ఇలాంటి జ్ఞాపకాలు రాసేవాళ్ళకు మామూలుగా నెరిసిన జుట్టు, చేతికర్ర, శాలువాతో దిగిన ఫోటో ఉంటాయి. నాకు ఆ మూడూ లేవు. శాలువా ఒకసారి కప్పారు గానీ, తర్వాత మాట్లాడబోయే ఆయనకు కప్పాలని సభ మధ్యలోనే వెనక్కి తీసుకున్నారు. అయినా పదకొండు అపరాధ పరిశోధక నవలలు రాసి, ఇరవై ముగ్గురిని చంపి, పదకొండు మందిని పోలీసులకు పట్టించి, ఒంటి మీద ఒక్క గీత పడకుండా బయటపడిన మనిషిని. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళకు నాలుగు మాటలు చెప్పే అర్హత ఉందనే నా నమ్మకం. లేదని మా అవ్వ, అంటే మా అమ్మ, నమ్మకం.

ఏ పుస్తకం ఎన్నిసార్లు అచ్చయింది, ముందుమాట ఎవరు రాశారు అనే సంగతులు వదిలేస్తున్నాను. పని నిజంగా ఎలా ఉండేదో చెబుతాను. ముఖ్యంగా పదకొండో పుస్తకం ముగించిన ఇరవై రోజుల గురించి. ఎందుకంటే ఆ ఇరవై రోజులూ నా వృత్తే పందెంలో ఉంది.

గోడ అవతల పాఠకురాలు

మాది నస్పూర్. బొగ్గుగనుల కంపెనీ క్వార్టర్. బాపు, అంటే మా నాన్న, బొగ్గుబాయిలో ల్యాంపు రూములో పనిచేసి రిటైరయ్యాడు. బాయిలోకి దిగేవాళ్ళకు తలదీపాలు ఇచ్చి, పైకి వచ్చినప్పుడు తిరిగి తీసుకోవడం ఆయన పని. నేను మనుషుల్ని పేరుతో గుర్తుపడితే ఆయన ఇప్పటికీ దీపం నంబరుతో గుర్తుపడతాడు. పెళ్ళికి పోతే, "గా మూడొందల పన్నెండు బిడ్డ పెండ్లి" అంటాడు.

మా క్వార్టర్‌కూ పక్క క్వార్టర్‌కూ మధ్య పెరట్లో ఛాతీ ఎత్తు గోడ ఒకటుంది. దాని మీదుగా అగ్గిపెట్టెలు, వార్తలు, కూర గిన్నెలు రోజంతా అటూ ఇటూ పోతుంటాయి. గిన్నె ఖాళీగా తిరిగి పోకూడదు. అదొక్కటే నియమం. కనుక ఇరవై ఏళ్ళుగా ఏ గిన్నె ఎవరిదో రెండిళ్ళలో ఎవరికీ తెలియదు.

గోడ అవతల ఎస్తేరత్త ఉంటుంది. ఆసుపత్రిలో నర్సుగా ముప్పై ఏళ్ళు చేసి రిటైరైంది. ఆదివారం తెల్లచీర కట్టుకుని చర్చికి పోతుంది, మిగతా ఆరు రోజులూ నా రాతప్రతులు చదువుతుంది. మాకు చుట్టం కాదు, కానీ అత్త. సంతోషంగా ఉంటే నన్ను "అల్లుడా" అంటుంది, లేకపోతే "శీనిగా".

మా ఏర్పాటు ఇది. ప్రతి పుస్తకం ఇరవై అయిదు అధ్యాయాలు. ఇరవై నాలుగు రాసినవి రాసినట్టు గోడ మీదుగా ఆమెకు ఇస్తాను. హంతకుడు బయటపడే చివరిది నా దగ్గరే దాస్తాను. ఆమె హంతకుడి పేరు చీటీ మీద రాసి బాపుకు ఇస్తుంది. బాపు దాన్ని మేకుకు తగిలించిన తన పాత బాయి టోపీలో వేస్తాడు. చివరి అధ్యాయం చదివాక టోపీ దించి చీటీ విప్పుతాం.

పది పుస్తకాలు. పది చీటీలు. పదీ కరెక్టే.

ఇదేదో దైవశక్తి అని మా క్వార్టర్ల లైనులో ఒకరిద్దరు అన్నారు. దైవశక్తే అయితే దానికి నా నవలలు చదవడం కంటే మంచి పనులుంటాయని నా అనుమానం. అడిగి చూశాను.

"ఎట్ల పడుతున్నవ్ అత్తా?"

"మొఖం జూస్తె తెలుస్తది అల్లుడా."

"కాయితం మీద మొఖం ఏడుంటది?"

"ముప్పై ఏండ్లు నర్సుపని జేసిన. కడుపునొప్పని వచ్చినోడు ఏం తిని వచ్చిండో వాడు నోరు తెరవకముందే చెప్పెటోళ్ళం. గిదో లెక్కనా?"

పదో చీటీ విప్పిన రోజు నాకు రోషం వచ్చింది. వాకిట్లో లైను జనం పన్నెండు మంది దాకా ఉన్నారు. అందరి ముందూ లేచి నిలబడి, "గీసారి గన పట్టుకున్నవంటే అత్తా, పెన్ను కింద పెడత. మల్ల ఖూనీ కథ రాయను" అన్నాను.

అన్నాక గానీ నాకు తట్టలేదు. ఇంకో పని రాదు నాకు. చేతిలో డిగ్రీ ఉంది గానీ అది ఏ సబ్జెక్టులోనో సర్టిఫికెట్ చూస్తే తప్ప చెప్పలేను. నాకు తెలిసిన విద్యల్లా మనుషుల్ని కాగితం మీద చంపడం ఒక్కటే.

బాపు టోపీని మళ్ళీ మేకుకు తగిలించాడు. "కింద పెడితె అవ్వ ఊడ్చి పారేస్తది. పైన్నే పెట్టు" అన్నాడు.

శవాలతో కాపురం

రచయిత అంటే ఎప్పుడో కలిగే ప్రేరణ కోసం కిటికీలోంచి చూస్తూ కూర్చుంటాడని అనుకుంటారు. మా కిటికీలోంచి చూస్తే ఎస్తేరత్త ఆరేసిన దుప్పట్లు కనిపిస్తాయి. ప్రేరణ సంగతి వదిలేసి నేను బాయి సైరన్‌కు పనిచేసేవాణ్ణి. ఏడు గంటలకు మొదటి షిఫ్టు కూత పడగానే వాళ్ళు బాయిలోకి, నేను కుర్చీలోకి. వాళ్ళు బొగ్గుతో పైకి వచ్చేవాళ్ళు. నేను చాలాసార్లు ఉత్త చేతులతో.

పొద్దున ఆధారాలు రాసేవాణ్ణి. తెగిన గుండీ, ఆగిన గడియారం, తప్పుడు చిరునామా ఇలాంటివి. వీటికి బుర్ర చల్లగా ఉండాలి. హంతకుడు కనిపించే సన్నివేశాలు మాత్రం మధ్యాహ్నం అన్నం తిన్నాకే. నిజం చెప్పాలంటే నా హంతకులంటే నాకు జంకు. ఖాళీ కడుపుతో వాళ్ళ ముందుకు పోలేను. అవ్వ వండింది తిని, చేయి కడుక్కుని, ఆ ధైర్యంతో కూర్చుంటే కలం పరుగెత్తేది.

సాయంత్రం నడక. నాలుగైదు పుస్తకాలు రాశాక చాయ హోటల్ దగ్గర నడక సాగదు. ప్రతివాడికీ ఒక శవం కావాలి.

"శీనన్నా, గీసారి మా ఓవర్‌మెన్‌ను సంపరాదె. పేరు మార్చు, మీసాలు గవ్వే ఉంచు."

"ఎందుకు సంపాలె?"

"లీవ్ ఇస్తలేడు."

ఇలా ఆరుగురు అడిగితే ఒక ఓవర్‌మెన్‌ను నిజంగానే ఎనిమిదో పుస్తకంలో చంపాను. అసలు ఓవర్‌మెన్ అది చదివి, తనకు అంత గొప్ప చావు ఇచ్చినందుకు చాయ తాగించాడు. మీసాలు మాత్రం ఇంకాస్త దట్టంగా రాయాల్సిందన్నాడు.

కొత్తవాళ్ళకు ఒక సలహా. ఏదైనా రాసే ముందు చేసి చూడండి. మనిషిని మిద్దె మీదికి ఈడ్చుకుపోవడానికి ఎంతసేపు పడుతుందో తెలియక, నేనొకసారి బియ్యం బస్తాను మెట్ల మీదుగా గుంజాను. మూడో మెట్టు దగ్గర అవ్వ పట్టుకుంది.

"ఏడికిరా గది?"

"అవ్వా, ఇది బస్తా కాదు. శవం."

"శవమైతె బయటేస్తరు. బియ్యమైతె ఇంట్లుంటయి. తే."

శవాన్ని వంటింట్లో పెట్టాను. ఆ నవలలో హంతకుడు శవాన్ని పైకి మోయడు. నాకు మూడు మెట్ల వరకే అనుభవం ఉంది.

పెద్దసారు

నా పుస్తకాలు వేసేది కరీంనగర్‌లో బస్టాండు వెనక ఉన్న చిన్న ప్రెస్సు. దాని యజమాని, సంపాదకుడు, ప్రూఫులు దిద్దేవాడు అన్నీ ఒకే మనిషి. అందరూ పెద్దసారు అంటారు. బస్సులో చదివే నవలలు వేస్తాడు, ఇంటిల్లిపాదికీ అని ఒక వారపత్రిక నడుపుతాడు.

నా మొదటి రాతప్రతి తీసుకుని పోయినప్పుడు మొదటి మూడు పేజీలు చదివి కళ్ళజోడు తీశాడు.

"వాన మంచిగ కొట్టింది. శవమేది?"

"వస్తది సార్. ఏడో పేజీల."

"అందాక నేనేం జెయ్యాలె? గొడుగు పట్టుకొని నిలవడాల్నా?"

ఇంటికొచ్చి వాన మొత్తం కొట్టేశాను. శవం రెండో పేజీకి వచ్చింది, పొడిగా. రచన గురించి నేర్చుకున్న మొదటి పాఠం అదే, ఇప్పటికీ మించింది దొరకలేదు.

పెద్దసారు మంచి యజమానా అంటే, చెడ్డవాడు కాదు. ప్రతి అక్షరం చదువుతాడు. చాలామంది చేయని పని అది. పొగడడం మాత్రం రాదు. ఏడేళ్ళలో ఒక్కసారి ఫోన్లో "బాగుంది" అన్నాడు. నేను తేరుకునే లోపు, "చాయ బాగుంది. ఇంకో కప్పు తే" అని పక్కన ఎవరితోనో అనడం వినిపించింది.

పాఠకులు మాత్రం పొగిడేవాళ్ళు, వాళ్ళదైన పద్ధతిలో. భైంసా నుంచి ఒక పత్తి వ్యాపారి ప్రతి పుస్తకానికీ ఫోన్ చేసి, మరాఠీవాళ్ళలా అన్నకు బదులు భావూ అనేవాడు. "భావూ, ఖూనీ కథ సదివితె భయమైతదంటరు. మీది సదివితె నాకు ఆకలైతది. ఏమన్న బీమారా?" అని అడిగాడొకసారి. అది జబ్బు కాదు, నా శైలిలోని ప్రసన్నత అని సమాధానం చెప్పాను. ఆధారాల మీద ఆధారాలు రాసి బతికిన మనిషిని, చేతిలోకి వచ్చిన ఆధారాన్ని ప్రసన్నత అనుకున్నాను.

అరగంటలో తేలిన కేసు

తప్పుల్లోకెల్లా మంచి తప్పు మూడో పుస్తకంలో చేశాను. అందులో హంతకుడు బాయి కార్మికుడు. పొద్దున హాజరు వేయించుకుంటాడు, బాయిలోకి దిగకుండా వెనక దారిన ఊళ్ళోకి పోయి పని ముగిస్తాడు. ఆ సమయానికి అతను భూమి లోపల ఉన్నాడని రిజిస్టరు చెబుతుంది. నా ఇన్‌స్పెక్టర్ రెండు వందల పేజీలు తల బద్దలుకొట్టుకుంటాడు. ఇంత పకడ్బందీ నేరం తెలుగులో రాలేదని నేనే నాలుగు రోజులు కాలు నేల మీద పెట్టలేదు.

పుస్తకం అచ్చయి వచ్చాక బాపు చదివాడు. అద్దాలు తుడుచుకుని అడిగాడు.

"వాని దీపం ఏమాయె?"

"ఏం దీపం బాపు?"

"బాయిల దిగెటోడు దీపం తీస్కుంటడు. దిగలేదు గద వాడు. అంటె వాని నంబరు దీపం మా అల్మారలనే ఉంటది. ఏడున్నరకు నేనే అంటుంటి, ఫలాన నంబరోడు హాజరేసిండు, దిగలేదు అని. నీ ఇన్‌స్పెక్టర్ రెండు వందల పేజీలు ఏం జేసిండు?"

నేను పుస్తకం మూసేశాను.

"నన్ను అడగకపాయె" అన్నాడు బాపు, నా తరఫున కాదు, ఇన్‌స్పెక్టర్ తరఫున బాధపడుతూ.

ముప్పై ఏళ్ళు దీపాలు లెక్కపెట్టిన మనిషి పక్కగదిలో పడుకుంటే, నేను ఈ గదిలో కూర్చుని ఊహించుకున్నాను. కొత్తవాళ్ళూ, మీ కథలో ఏ పని వచ్చినా ఆ పని చేసినవాణ్ణి ముందు అడగండి. ఊహాశక్తి మంచిదే గానీ దానికి దీపాల నంబర్లు తెలియవు.

ఇరవై రోజులు

పదకొండో పుస్తకంలో చనిపోయింది లారీలు తూచే కాంటా దగ్గరి గుమాస్తా. అనుమానితులు నలుగురు. కాంట్రాక్టరు, గుమాస్తా బామ్మర్ది, ఒక డాక్టరు, ఒక ఫోటో స్టూడియో ఆయన. నా లెక్క ప్రకారం హంతకుడు డాక్టరు.

ఎండాకాలం. బొగ్గు నేల మీద ఎండ ఎలా ఉంటుందో తెలియనివాళ్ళు అదృష్టవంతులు. కూలర్ ముందు కాగితాలు ఎగురుతాయి, కూలర్ ఆపితే నేను ఎగురుతాను. ఇరవై రోజుల్లో, అంటే ఇరవై తారీకుకల్లా, పుస్తకం చేతికివ్వాలని పెద్దసారు చెప్పాడు. పద్నాలుగో అధ్యాయం గోడ మీదుగా పోయి, సాయంత్రానికి తిరిగొచ్చింది. ఇస్తూ ఎస్తేరత్త చిన్నగా నవ్వింది.

"డాక్టర్ సాబ్ మంచోడున్నడు పాపం" అంది.

నా చేతులు చల్లబడ్డాయి. నలభై అయిదు డిగ్రీల ఎండలో అది తేలిక కాదు.

ఇంట్లోకి వచ్చి కూర్చుని లెక్కలు వేశాను. డాక్టరు మీద ఒక్క ఆధారం కూడా ఇంకా వేయలేదు! గుండీ బామ్మర్దిది. గడియారం కాంట్రాక్టరుది. డాక్టరు పద్నాలుగు అధ్యాయాల్లో ఎవరినీ గట్టిగా పలకరించలేదు కూడా. మరి ఎలా?

ఆ క్షణంలో నిర్ణయించుకున్నాను. హంతకుణ్ణి మార్చేయాలి. డాక్టరు నిర్దోషి. ఫోటో స్టూడియో ఆయన హంతకుడు. వెనక్కిపోయి రెండు ఫోటోలు, ఒక నెగెటివ్ అక్కడక్కడా పాతాను, మార్చిన పేజీలు అచ్చుతప్పులు దిద్దానని చెప్పి గోడ మీద పెట్టాను. పెద్దసారుకు ఫోన్ చేసి చెప్పాను.

"పద్నాలుగు అధ్యాయాలు డాక్టరు సంపిండు. ఇప్పుడు ఫోటో ఆయన సంపిండంటవ్. మధ్యల ఏమన్న బదిలీ అయిందా?"

"సార్, నా జీవితం మీద ఉంది."

"జీవితం మీద ఉంటె ఉండనీ. ఇరవై తారీకు మీద ఉండొద్దు" అని పెట్టేశాడు.

తిప్పలు అక్కడితో ఆగలేదు. ఇరవై ఒకటో అధ్యాయం అయ్యేసరికి అవ్వ సంచి సర్దుకుంది. మా చిన్నవ్వలతో కలిసి వేములవాడ రాజన్న గుడికి పోయి మొక్కు కోడెను కట్టేసి వస్తానంది.

"ఏం మొక్కు అవ్వా?"

"నీకు నౌకరి రావాలని పదేండ్ల కింద మొక్కిన."

"నౌకరి రాలే గద. రానిదానికి మొక్కు ఎందుకు తీర్చుడు?"

"తీర్చుతలేను. రాజన్నకు యాదిజేసి వస్త."

మూడు రోజులు అవ్వ లేదు. బాపుకు వచ్చిన వంట అన్నం, కోడిగుడ్డు. మొదటిరోజు గుడ్డు మాడింది. వాసన గోడ దాటింది. పది నిమిషాల్లో గోడ మీద గిన్నె ప్రత్యక్షమైంది. చింతచిగురు, ఎండురొయ్యల కూర. ఎస్తేరత్త చేతి కూర తింటే ఏమవుతుందంటే, కాసేపు ఎవరి మీదా కోపం రాదు. నా వృత్తికి అది ప్రమాదకరం గానీ తిన్నాను. రెండోరోజూ అదే కూర. మూడోరోజు మళ్ళీ అడిగి పెట్టించుకున్నాను. ఆ మూడు మధ్యాహ్నాల్లో ఫోటో స్టూడియో ఆయనకు సంబంధించిన మూడు అధ్యాయాలు, ఇరవై రెండు, మూడు, నాలుగు, కూర్చున్న చోటి నుంచి లేవకుండా రాసేశాను. పదకొండు పుస్తకాల్లో అంత హాయిగా ఎప్పుడూ రాయలేదు.

ఇరవై నాలుగో అధ్యాయం గోడ మీద పెట్టాను. ఈసారి చీటీ రావడానికి రెండు రోజులు పట్టింది. పది పుస్తకాల్లో ఎప్పుడూ గంట కంటే ఎక్కువ పట్టలేదు. నాకు అన్నం సహించలేదు. పెన్ను కింద పెట్టాక ఏం చేయాలో ఒక జాబితా రాసుకున్నాను. అందులో రెండే ఉన్నాయి. ఒకటి, కిరాణా కొట్టు. రెండు, కిరాణా కొట్టు ఎవరైనా పెడితే అందులో కూర్చోవడం.

"పరేషాన్ గాకురా" అన్నాడు బాపు, చీటీ టోపీలో వేస్తూ. "గెలిస్తె గెలుస్తవ్. ఓడితె గీ కూలర్ ముందలికెల్లి లేస్తవ్. రెండూ మంచియే."

ఆదివారం

చర్చి నుంచి ఎస్తేరత్త తెల్లచీరతోనే నేరుగా వచ్చింది. లైను జనం అంతా వాకిట్లో చాపల మీద. అవ్వ వేములవాడ ప్రసాదం పంచుతోంది. నేను నిలబడి చివరి అధ్యాయం చదివాను. ఇన్‌స్పెక్టర్ అందరినీ ఒక గదిలో కూర్చోబెట్టి, మెల్లగా నడిచి వెళ్ళి, ఫోటో స్టూడియో ఆయన భుజం మీద చెయ్యేశాడు.

జనం "ఓహో" అన్నారు. నేను ఎస్తేరత్త ముఖం వైపు చూడలేక టోపీ వైపు చూశాను. బాపు చీటీ తీసి విప్పి, దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని చదివాడు.

"డాక్టరు."

రెండు సెకన్లు పట్టింది నాకు అర్థం కావడానికి. తర్వాత ఏం చేశానో నాకు తెలియదు. కుర్చీ ఎక్కానని, మూడొందల పన్నెండును ముద్దుపెట్టుకున్నానని బాపు చెబుతాడు. నేను ఒప్పుకోను. కుర్చీ మాత్రం విరిగింది.

నేను కిందికి వచ్చాక చూస్తే ఎస్తేరత్త ఇంకా అలాగే కూర్చుని ఉంది. ఓడిపోయిన బాధ కాదు ముఖంలో. కోపం.

"శీనిగా."

"అత్తా?"

"నా చేతి కూర తిన్నోడు మనిషిని సంపుతడారా?"

వాకిలి మొత్తం ఆమె వైపు తిరిగింది.

"ఏం కూర అత్తా?"

"ఇరవై రెండోదాన్ల ఫోటో ఆయన చింతచిగురు ఎండురొయ్యలు తిన్నడు. ఇరవై మూడుల మల్ల పెట్టించుకున్నడు. గా కూర నాది. మీ అవ్వ చింతచిగురుల రొయ్యలెయ్యది. డాక్టరేమో తొమ్మిదోదాన్ల సర్వపిండి, పదమూడుల పచ్చిపులుసు తిన్నడు. గవి మీ అవ్వయి. ఇద్దరు తిన్నరు. ఎవడా అని రెండు దినాలు ఆలోచన జేసిన. నా కూర తిన్నోడు గసొంటి పని జెయ్యడని డాక్టరు పేరు రాసిన."

నాకు చెవుల్లో సైరన్ మోగింది. "ఎవలేం తిన్నరో సూసి పడుతవా నువ్వు?"

"మరేంది? గుండీలు, గడియారాలు సూస్తననుకున్నవా? నీ పుస్తకంల మనుషులందరు చాయ తాగి బతుకుతరు. అన్నం తినేది ఒక్క హంతకుడే. రెండోదాన్ల తాసిల్దారు పుంటికూర తిన్నడు. గా దినం మీ అవ్వ నాకు గూడ గోడమీదికెల్లి ఇచ్చింది. నాలుగోదాన్ల బ్యాంకు మేనేజరు మక్కగారెలు. ఆరోదాన్ల సన్నాసి బోటికూర తిన్నడు. సన్నాసి బోటి తింటడారా? పాపం నీ ఇన్‌స్పెక్టర్, పదకొండు పుస్తకాలాయె, మెతుకు ముట్టలే!"

మధ్యాహ్నం తిన్నాక హంతకుణ్ణి రాసే అలవాటు నాది. చేతికి ఇంకా కూర వాసన ఉండగానే. ఆ వాసన పదకొండు పుస్తకాలుగా కాగితం మీదికి దిగుతూ ఉంటే నాకు తెలియలేదు. గోడ అవతల అదే కూర తిన్న మనిషికి తెలిసింది. భైంసా ఆయనకు బీమారేమీ లేదు.

"మరి మార్చు" అంది ఎస్తేరత్త. "ఫోటో ఆయన సంపలే."

"సంపిండు అత్తా. రాసున్నది."

"నా కూర తిన్నడు."

బాపు తీర్పు చెప్పాడు. "తినే సంపిండు. కూర తప్పేం లేదు."

ఎస్తేరత్త లేచి వెళ్ళిపోయింది. ఎనిమిది రోజులు గోడ మీదికి గిన్నె రాలేదు. పందెం నేను గెలిచాను కదా. అవ్వ నాతో మాట్లాడలేదు, బాపు మళ్ళీ గుడ్లు మాడ్చాడు.

ఎందుకు దిగిపోయాను

గెలిచినవాడు రిటైరవడమేమిటని మీరు అడుగుతారు. పన్నెండో పుస్తకం మొదలుపెట్టానని చెబుతాను. రహస్యం తెలిసిపోయింది కనుక జాగ్రత్తపడ్డాను. మొదట హంతకుడికి ఉపవాసం పెట్టాను. మూడో అధ్యాయానికే నీరసించిపోయాడు, గొంతు పిసకడానికి శక్తి చాలలేదు. సరే, అనుమానం రాకుండా అందరికీ అన్నం పెడదామనుకున్నాను. ఇన్‌స్పెక్టర్‌కు మొదటిసారి భోజనం పెట్టాను. పాపం, తింటూ లేవలేదు. నలభై పేజీలయ్యేసరికి పంతొమ్మిది మంది బంతిలో కూర్చుని ఉన్నారు, ఎవరూ చావలేదు, ఎవరికీ చంపాలని లేదు.

ఆ నలభై పేజీలు పంపితే పెద్దసారు ఫోన్ చేశాడు.

"ఇది ఖూనీయా, పెండ్లా?"

"ఖూనీయే సార్. ఇంక జర టైం పడుతది."

"రెండో పేజీల శవమేది?"

"వడ్డిస్తున్నడు సార్."

అవతల కాగితాలు తిప్పిన చప్పుడైంది. తర్వాత మెల్లగా అన్నాడు. "సూడు శీనూ. సంపుడు నీతోని కాదు. ఎన్నడు కాలే. కని ఆ పప్పుచారు పేజీ సదివి నేను ఇంటికి ఫోన్ జేసిన, పప్పుచారు పెట్టమని. మన పత్రికల వంటల పేజీ రాసే అమ్మ బిడ్డ పురుడుకు పోయింది. రాస్తవా?"

ఏడేళ్ళలో అది రెండో పొగడ్త. ఈసారి పక్కన చాయ ఇచ్చేవాడు ఎవరూ లేరని రూఢి చేసుకున్నాను.

అలా దిగిపోయాను. ఈ వృత్తిలోకి వచ్చేవాళ్ళకు నా చివరి మాట ఒకటే. మీ ఆధారాలు మీరు కష్టపడి దాచిపెట్టిన చోట ఉండవు. మీరు హాయిగా రాసిన చోట ఉంటాయి. చదివేవాళ్ళు అక్కడే వెతుకుతారు.

మొదటి వంట ఏది రాయాలో ఆలోచించే పని లేకపోయింది. చింతచిగురు, ఎండురొయ్యల కూర రాశాను, "మా ఎస్తేరత్త చేతి వంట" అని పైన పెట్టాను. పెద్దసారుకు పంపేముందు ఒక కాపీ గోడ మీద పెట్టాను. ఆ కాపీలో మాత్రం కావలసిన పదార్థాల్లో ఒకటి కావాలనే కొట్టేశాను. చెయ్యి ఊరుకోలేదు.

అరగంటలో కాగితం తిరిగొచ్చింది. దాని మీద బరువుగా ఒక గిన్నె, గిన్నె మీద మూత. ఎనిమిది రోజుల తర్వాత మొదటి గిన్నె. మూత తీసి చూస్తే అడుగున నాలుగు ఎల్లిగడ్డ రెబ్బలు, వాటి పక్కన మడిచిన చీటీ.

"అల్లుడా, దొరికిండు."

చీటీ బాపుకు ఇచ్చాను. ఆయన చదివి, టోపీలో వేసి, గిన్నెలోని రెబ్బల వైపు చూశాడు.

"మరి గీ హంతకుణ్ణి టోపీల ఎయ్యాల్నా, కూరల ఎయ్యాల్నా?"